43వ పేజీ దగ్గర ఆగిన పుస్తకం

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా కావలి. నా వయసు ముప్పై ఎనిమిదేళ్ళు. ఒక ప్రైవేటు పాఠశాలలో సాంఘికశాస్త్రం చెబుతున్నాను. మావారు చదువు కోసం న్యూజిలాండ్ వెళ్ళి, అక్కడ ఆరేళ్ళు ఉండి, మా మామగారు కాలం చేశాక తిరిగివచ్చి రొయ్యల మేత దుకాణం చూసుకుంటున్నారు. కోలగా ఉండే బంతిని చేతపట్టుకుని పరుగెత్తే రగ్బీ ఆట మీద అక్కడ అలవడిన ఇష్టం ఆయనకు ఇప్పటికీ తగ్గలేదు. రాత్రి ఒంటిగంటకు లేచి మ్యాచ్‌లు చూస్తారు. పన్నెండేళ్ళ మా అమ్మాయికీ అదే పట్టుకుంది. ప్రతి ఆదివారం తెల్లవారకముందే ఇద్దరూ మరో ఆరేడుగురు పిల్లలతో తుమ్మలపెంట సముద్రతీరానికి వెళ్ళి ఆడతారు. పోయిన నెలలో ఒక అబ్బాయిని పట్టుకోబోయి పడి, అమ్మాయికి పై పెదవి చిట్లింది. తలనొప్పిగా ఉందంటూ ఆ రోజంతా పడుకుంది. "ఆడపిల్ల మొహాన మచ్చ పడితే రేపు ఎవరు చేసుకుంటారు, ఆ బంతిని బావిలో పారేయండి" అని మా అత్తగారు అప్పటినుంచి రోజూ గొడవ చేస్తున్నారు. తొమ్మిదేళ్ళ మా అబ్బాయి అక్కకు పూర్తిగా భిన్నం. వాడికి పుస్తకం చేతిలో ఉంటే అన్నం కూడా గుర్తుండదు. మావారు వాణ్ణి బలవంతాన లేపి తీసుకువెళితే, ఏడుస్తూ వెళ్ళి ఒడ్డున కూర్చుని వస్తాడు. అమ్మాయిని ఆట మాన్పించమంటారా? నాకూ ఒకప్పుడు చదవడమంటే ప్రాణం. శాఖా గ్రంథాలయం నుంచి ఏడు నెలల కిందట తెచ్చిన నవలను 43వ పేజీ దగ్గర తలపిన్ను పెట్టి మూశాను, ఇంకా అక్కడే ఉంది. అది వేరే సంగతి లెండి. అమ్మాయి విషయం చెప్పండి.

ఒక తల్లి, కావలి

జవాబు: అమ్మా, "అది వేరే సంగతి లెండి" అని మీరు చివర్లో పక్కకు నెట్టేసిన సంగతి దగ్గరికి నేను తప్పకుండా వస్తాను. ముందు అమ్మాయి గురించి చెబుతాను, ఎందుకంటే అందులో ఆలస్యం చేయకూడని అంశం ఒకటి ఉంది.

మీ ఇంట్లో అందరూ చిట్లిన పెదవి గురించే మాట్లాడుతున్నట్టున్నారు. పెదవి కొద్దిరోజుల్లో మానిపోతుంది. నన్ను ఆలోచనలో పడేసింది మీరు ఒక్క ముక్కలో చెప్పి వదిలేసిన తలనొప్పి. తల నేరుగా నేలకు తగలకపోయినా, ఒంటికి గట్టి కుదుపు వచ్చి ఆ ఊపు తలదాకా పాకితే చాలు, పుర్రె లోపల మెదడు అదురుతుంది. దీన్ని వైద్యులు కంకషన్ అంటారు. రక్తం రాదు, వాపు కనబడదు, చాలాసార్లు స్కానింగులో కూడా ఏమీ తెలియదు. తలనొప్పి, కళ్ళు తిరగడం, కడుపులో తిప్పడం, వెలుతురు చూడలేకపోవడం, జరిగినదాంట్లో కొంత గుర్తు లేకపోవడం, అడిగినదానికి తడుముకుంటూ జవాబు చెప్పడం, కారణం లేకుండా చిరాకుపడడం దాని గుర్తులు. మీ అమ్మాయికి వచ్చింది అదేనని నేను ఇక్కడ కూర్చుని చెప్పలేను. కానీ ఆటలో పడిన రోజునే తలనొప్పి వచ్చి పడుకున్నదంటే, ఆ రోజే వైద్యుడికి చూపించి ఉండవలసింది. ఇప్పటికీ అప్పుడప్పుడూ తల నొప్పి అంటున్నా, చదివినది ఇదివరకులా తలకెక్కడం లేదని అంటున్నా, ఈ ఉత్తరం పక్కన పెట్టి ముందు ఆ పని చేయండి.

ఈ విషయంలో మీరూ మీవారూ ఒక మాట మీద నిలబడాలి. రగ్బీ బాగా ఆడే దేశాల్లో తలకు దెబ్బ తగిలినవాళ్ళ కోసం పెద్ద మ్యాచ్‌లలో వైద్యుడు మైదానం పక్కనే ఉంటాడు. పరీక్ష చేయడానికి ప్రత్యేకంగా 12 నిమిషాలు కేటాయిస్తారు. అలాంటి వైద్యుడు లేని చోట, అందులోనూ పిల్లల ఆటలో, పాటించే నియమం సూటిగా ఉంటుంది. అనుమానం వస్తే చాలు, ఆ బిడ్డను బయటికి తీసుకురావాలి, ఆ రోజు మళ్ళీ ఆటలో దించకూడదు. గుర్తులన్నీ పోయాక, వైద్యుడు సరేనన్నాక, ముందు నడక, తరవాత పరుగు, తరవాత బంతి అందుకోవడం, అన్నిటికన్నా ఆఖరున మాత్రమే ఒకరినొకరు పట్టుకునే ఆట, ఇలా మెట్టు మెట్టుగా తిరిగి రావాలి. "ఏం కాదులే, లేచి ఆడు" అనే మాట మీవారి నోట ఇకమీదట రాకూడదు. వాంతులు ఆగకుండా అవుతున్నా, తలనొప్పి గంట గంటకూ పెరుగుతున్నా, బిడ్డ మగతగా ఉండి లేపితే లేవకపోయినా, మెడ నొప్పి అన్నా, చేతులు కాళ్ళు తిమ్మిరెక్కినా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. ఈ నాలుగు వాక్యాలూ ఒక కాగితం మీద రాసి ఆదివారం తీసుకువెళ్ళే సంచిలో పెట్టమనండి. మిగతా పిల్లల తల్లిదండ్రులకు కూడా చెప్పమనండి, ఎందుకంటే ఆ ఆరేడుగురి భారం ఆ ఒక్క పూట ఆయనదే.

ఇక పట్టుకోవడం సంగతి. దాన్ని ఆటలో ట్యాకిల్ అంటారు. తెలియనివాళ్ళకు అది ఒకరి మీద ఒకరు పడిపోవడంలా కనబడుతుంది గానీ, దానికి కట్టుదిట్టమైన నిబంధనలున్నాయి. భుజాల ఎత్తుకు పైన పట్టుకోకూడదు. చేతులతో చుట్టి పట్టుకోవాలి, ఊరికే భుజంతో గుద్దకూడదు. బంతి కోసం గాల్లోకి ఎగిరినవాణ్ణి ఆ ఎగిరిన క్షణంలో లాగకూడదు. పట్టుకునే మనిషి తన తలను ఎదుటి మనిషి ఒంటికి అడ్డంగా ముందుకు పోనివ్వకుండా, పక్కకు, వెనకవైపుకు ఉంచుకోవాలి. ఈ చివరిది నేర్చుకోని పిల్లలకే ఎదుటివాళ్ళ మోకాలు వచ్చి మొహానికి తగులుతుంది. మీ అమ్మాయికి జరిగినది కూడా అదే అయి ఉండవచ్చు. మీవారు ఆట బాగా ఎరిగినవారే కావచ్చు, కాని తాను ఆడడం వేరు, పన్నెండేళ్ళ పిల్లకు సరిగ్గా పడడం నేర్పడం వేరు. ప్రపంచ రగ్బీ సంస్థ శిక్షకుల కోసం ఆటగాళ్ళ భద్రత గురించి అంతర్జాలంలో ఉచితంగా పాఠాలు పెట్టింది. రాత్రి ఒంటిగంటకు లేవగలిగిన మనిషి రెండు సాయంత్రాలు కూర్చుని వాటిని పూర్తిచేయగలడు.

ఆయన అది పూర్తిచేసేదాకా ట్యాకిల్ ఆపేయమనండి, ఆట ఆపనక్కర్లేదు. ట్యాగ్ రగ్బీ అని ఒకటి ఉంది. అందులో ప్రతి ఒక్కరూ నడుముకు అటొకటి ఇటొకటి గుడ్డ పేలికలు వేలాడదీసుకుంటారు. బంతి పట్టుకుని పరుగెత్తేవాళ్ళను కింద పడేయనక్కర్లేదు, ఆ పేలిక లాగేస్తే పట్టుకున్నట్టే లెక్క. పరుగు, మలుపు, బంతిని సరైన సమయానికి పక్కవాళ్ళకు అందించడం, అన్నీ అందులో ఉంటాయి, మొహానికి ప్రమాదం మాత్రం బాగా తగ్గుతుంది. మీ ఇంట్లో చిరిగిన నూలు చీర ఒకటి ఉంటే మూరెడేసి ముక్కలు చేయండి, వాళ్ళందరికీ సరిపోతాయి. అయినా చెబుతున్నాను, దంతవైద్యుడి దగ్గర పంటి తొడుగు ఒకటి చేయించండి. ఎండాకాలంలో ఏడున్నర దాటాక ఇసుక మీద ఉండనివ్వకండి, రోహిణి కార్తెలో అయితే ఆ రెండు వారాలూ ఆటకు సెలవిచ్చేయమనండి. ఆట అయిపోయాక ఒళ్ళు కడుక్కుంటామని పిల్లలు సముద్రంలో దిగకుండా చూడడం అన్నిటికన్నా ముఖ్యం. తుమ్మలపెంటలో నీళ్ళు ఒడ్డునుంచి చూడడానికి ఎంత నెమ్మదిగా ఉన్నా నమ్మకూడదు.

మీరు అడిగినదానికి సూటిగా నా జవాబు: మాన్పించకండి. పన్నెండు, పదమూడేళ్ళ వయసు మన ఇళ్ళలో ఆడపిల్లలకు పరుగు ఆగిపోయే వయసు. దానికి ముందు వీధంతా తనదిగా తిరిగిన పిల్ల, ఆ తరవాత ఒంటిని ముడుచుకుని నడవడం మొదలుపెడుతుంది. మీ అమ్మాయి అలా ముడుచుకోకుండా తెల్లవారకముందే లేచి, తండ్రి వెంట, తనకిష్టమైన పనికి వెళుతున్నది. ఆ వయసులో తండ్రితో ఆమాత్రం మాటా మంచీ ఉన్న ఆడపిల్లలు ఎంతమంది ఉంటారో, బడిలో పాఠాలు చెప్పే మీకు నాకన్నా బాగా తెలుసు.

మీ అత్తగారి భయాన్ని తీసిపారేయకండి. ఆవిడ మాట కటువుగా ఉంది గానీ, ఆ మాట వెనుక మనవరాలి బాగు కోరే మనసే ఉంది. కాకపోతే ఆవిడకు ఇది ఎక్కడిదో తెలియని మొరటు ఆటగా కనబడుతున్నది. మన పక్క పల్లెల్లో ఆడపిల్లలు కబడ్డీ ఆడితే ఆవిడ ఆశ్చర్యపోరు కదా? కబడ్డీలో పట్టుకూ రగ్బీలో ట్యాకిల్‌కూ దగ్గరి చుట్టరికం ఉంది. ఒకరోజు ఆవిడ ప్రశాంతంగా ఉన్నప్పుడు మనవరాలినే కూర్చోబెట్టి చెప్పించండి. మన దేశపు ఆడపిల్లలు 2018లో తొలిసారి 15 మంది జట్టుగా అంతర్జాతీయ పోటీకి దిగారు, మరుసటి ఏడాదే సింగపూర్ మీద తొలి విజయం సాధించారు. ఆ జట్టులోకి ఒడిశా, బీహార్ పల్లెటూళ్ళ నుంచి వచ్చిన పిల్లలున్నారు. ఏడుగురు ఆడే సెవెన్స్ రగ్బీ ఒలింపిక్స్‌లోనూ, ఆసియా క్రీడల్లోనూ, మన జాతీయ క్రీడల్లోనూ ఉంది. 2025 సెప్టెంబరులో లండన్‌లో జరిగిన మహిళల ప్రపంచకప్ ఆఖరి పోటీని మైదానంలో కూర్చుని చూసినవాళ్ళు 80,000 మందికి పైనే. ఆడపిల్లలు ఆడుతుంటే చూడడానికి అంతమంది వచ్చారని వింటే మీ అత్తగారు ఒప్పుకోకపోయినా, కాసేపు ఆలోచిస్తారు.

ఇంకొకటి ఉంది, మీరు ఉత్తరంలో రాయలేదు గానీ మీ ఇంట్లో తప్పకుండా నలుగుతూ ఉంటుందని నేననుకుంటున్నాను. ఈ ఆటలో ఒంటి మీద నగ ఏదీ ఉండకూడదు. చెవికమ్మలు, గాజులు, మెడలో గొలుసు, కాలికి పట్టీలు, అన్నీ తీసేయాలి, ఇతరులకు గుచ్చుకునే ప్రమాదం ఉంటుంది కాబట్టి నిబంధనే అలా ఉంది. తెల్లవారుజామున ఆడపిల్ల బోసి చెవులతో, వట్టి చేతులతో గడప దాటడం ఆ వయసువాళ్ళకు మనసొప్పదు. అందుకని ఒక చిన్న స్టీలు డబ్బా మీ అత్తగారి చేతికివ్వండి. శనివారం రాత్రి పడుకోబోయే ముందు అమ్మాయి కమ్మలూ గాజులూ తీసి నానమ్మ చేతిలో పెట్టాలి. ఆదివారం తలంటు పోసుకున్నాక ఆవిడే తన చేత్తో తిరిగి పెట్టాలి. ఆ తలంటు పోసేటప్పుడే తలమీద బొప్పి ఉందో, మోచేయి కొట్టుకుపోయిందో ఆవిడ వేళ్ళకు తెలుస్తుంది. ఆవిడకు అమ్మాయి ఒంటి మీద ఒక కన్ను ఉంటుంది, ఆటలో తన వంతు పనీ ఉంటుంది.

మీరు కూడా ఒక్క మ్యాచ్ అమ్మాయి పక్కన కూర్చుని చూడండి. బంతిని చేత్తో ముందుకు విసరకూడదన్న ఒక్క నియమం పట్టుకుంటే మిగతాది అర్థమవుతుంది. ముందుకు పోవాలంటే పరుగెత్తాలి, కాలితో తన్నాలి, లేదా తనకన్నా వెనకున్నవాళ్ళకు అందించాలి. ఉపాధ్యాయిని కాబట్టి మీకు నచ్చే విషయం ఒకటి చెబుతాను. రిఫరీ చొక్కాకు మైకు ఉంటుంది, ఆయన ఎందుకు ఆట ఆపాడో, ఏ తప్పు జరిగిందో ఆటగాళ్ళకు వివరించే ప్రతి మాటా టీవీలో మనకు వినబడుతుంది. ఆయన నిర్ణయం మీద ఏదైనా అడగాలంటే నాయకుడే వెళ్ళి అడగాలి. అంత పెద్ద ఒళ్ళున్నవాళ్ళు చేతులు కట్టుకున్నట్టు నిలబడి "సర్" అంటూ వింటారు. తప్పు చేసిన పిల్లవాడికి నలుగురిలో తప్పు ఏమిటో చెప్పి, శిక్ష చెప్పి, అంతటితో వదిలేయడం తరగతి గదిలో ఎంత కష్టమో మీకు తెలుసు.

అబ్బాయి విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు. వాణ్ణి లేపవద్దని మీవారికి చెప్పండి. ఏడుస్తూ ఒడ్డున కూర్చున్న ప్రతి ఆదివారమూ వాడికి ఆట మీద అసహ్యం పెరుగుతుంది, నాన్న మీద కూడా. ఒళ్ళు వంగడానికి వాడికి సైకిలు చాలు, సాయంత్రం వీధిలో పరుగు చాలు. నాన్నకూ వాడికీ మధ్య రగ్బీ ఉండాలని ఆయనకు అంతగా కోరిక ఉంటే, పుస్తకం దారిన రమ్మనండి. స్కాట్లండ్, ఇంగ్లండ్ జట్లు ప్రతి ఏడాదీ ఆడుకునే ఒక పోటీకి ఇచ్చే బహుమతి పేరు కలకత్తా కప్పు. 1870లలో కలకత్తాలో ఉన్న ఒక రగ్బీ సంఘం సభ్యులు తగ్గిపోయి మూతపడినప్పుడు, బ్యాంకులో మిగిలిన డబ్బును వెండి రూపాయలుగా తీసుకుని, వాటిని కరిగించి ఆ కప్పు చేయించి ఇంగ్లండ్‌కు పంపారు. దాని మూడు పిడులు మూడు తాచుపాములు, మూత మీద ఏనుగు. 1879 నుంచి దానికోసం ఆడుతున్నారు. ఈ కథ విన్న తొమ్మిదేళ్ళ పిల్లవాడు మరో నాలుగు ప్రశ్నలు వేయకుండా ఉండడు. ఎదుటి జట్టు గీత అవతల బంతిని నేలకు తాకించే ట్రైకి 5 పాయింట్లు, ఆ తరవాత గోలు స్తంభాల మధ్యకు తన్నే కన్వర్షన్‌కు 2, ఎదుటివాళ్ళ తప్పుకు దొరికే పెనాల్టీ తన్నుకూ, ఆట నడుస్తుండగా తన్నే డ్రాప్ గోల్‌కూ మూడేసి అని లెక్క రాసే పని వాడికి అప్పజెప్పండి. అదీ ఇష్టం లేదంటే వదిలేయండి.

మీవారి రాత్రి జాగారాల సంగతి కూడా తేల్చుకోవలసిందే. అన్ని మ్యాచ్‌లూ అర్ధరాత్రి రావు. న్యూజిలాండ్‌లో చలికాలంలో రాత్రి ఏడింటికి మొదలయ్యేది మనకు మధ్యాహ్నం పన్నెండున్నరకే వస్తుంది. దక్షిణాఫ్రికాలో సాయంత్రం ఐదింటి ఆట మనకు రాత్రి ఎనిమిదిన్నర. ఫిబ్రవరి, మార్చి నెలల్లో యూరప్‌లో జరిగే ఆరు దేశాల పోటీలో మొత్తం 15 మ్యాచ్‌లుంటాయి. వాటిలో చాలా మటుకు మనం పడుకునే వేళకు ముందే మొదలవుతాయి, కొన్ని మాత్రమే ఒంటిగంటన్నరకు. ఏ నెల మ్యాచ్‌లు ఆ నెల మొదట్లోనే క్యాలెండరు మీద మన గంటల లెక్కన రాసుకుని, అర్ధరాత్రివి నెలకు ఒకటో రెండో మాత్రమే ఎంచుకోమనండి. మర్నాడు దుకాణం తెరవడానికి ఆలస్యమైతే, ఆ భారం ఎవరి మీద పడుతున్నదో ఆయన గమనించి ఉండరు.

ఇప్పుడు మీ 43వ పేజీ దగ్గరికి వస్తున్నాను.

మీ ఉత్తరంలో ప్రతి ఒక్కరికీ ఒక ఇష్టం ఉంది, ఆ ఇష్టానికి ఒక వేళ ఉంది. మీవారికి అర్ధరాత్రి, అమ్మాయికి ఆదివారం తెల్లవారుజాము, అబ్బాయికి రోజంతా. ఆ వేళలన్నీ ఎక్కడి నుంచి వచ్చాయో మీరు రాయలేదు గానీ, ఆ మట్టి బట్టలు ఎవరు ఉతుకుతున్నారో, ఆదివారం తొమ్మిదింటికి ఆకలితో వచ్చే ఇద్దరికీ టిఫిను ఎవరు సిద్ధం చేస్తున్నారో, సోమవారం దిద్దవలసిన పరీక్ష కాగితాల కట్ట ఎప్పుడు విప్పుతున్నారో నేను ఊహించగలను. మీ ఇంట్లో అందరి ముచ్చట్లకూ కావలసిన సమయాన్ని మీ ఒక్కరి రోజులోంచి కోసి ఇస్తున్నారు. నాకు తెలిసి మీకు అమ్మాయి ఆట మీద ఉన్న కోపంలో సగం భయం, సగం ఈ అలసట. భయానికి చేయవలసినది పైన చెప్పాను. ఈ అలసటకు అమ్మాయి ఆట మాన్పించడం మందు కాదు, ఆట మానినా ఆ ఆదివారం మీ చేతికి రాదు.

మా అమ్మ ఒంగోలులో పదిమంది ఉన్న ఇంట్లో కాపురం చేసింది. ఆవిడకు చదవడం ఎంత ఇష్టమో మాకెవరికీ తెలియదు. మేం అడగలేదు, ఆవిడ చెప్పలేదు. ఆవిడ పోయాక బీరువాలో పట్టుచీర మడతల మధ్య ఒక పుస్తకం దొరికింది, అందులో ఆనవాలుగా పెట్టుకున్న చీపురుపుల్ల ఉంది. పుల్ల రంగు పేజీకి అంటి ఒక సన్నని గోధుమరంగు గీత పడింది. ఎన్నేళ్ళు అక్కడే ఉంటే ఆ గీత పడుతుందో నాకు తెలియదు. పుస్తకం సగం కూడా కాలేదు. మీ తలపిన్ను గురించి చదివిన దగ్గర్నుంచి ఆ గీతే నా కళ్ళ ముందు ఉంది. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

రగ్బీ మ్యాచ్ 80 నిమిషాలు. ఆ 80 నిమిషాలూ మీవారిని ఇంట్లో ఎవరూ కదిలించరు, సిలిండర్ అయిపోయినా, కరెంటు బిల్లు కట్టలేదని గుర్తొచ్చినా, ఆట అయ్యాక చెబుదామని ఆగుతారు. వారానికి ఒక్కసారి మీకూ అలాంటి 80 నిమిషాలు కావాలని ఆయనతో చెప్పండి. ఆయన భాషలోనే చెప్పండి, 40 నిమిషాలు, మధ్యలో టీ, మళ్ళీ 40 నిమిషాలు. అడిగి తీసుకోవడానికి మొహమాటపడకండి. ఆట మీద అంత ప్రేమ ఉన్న మనిషికి మరొకరి ఇష్టాన్ని అర్థం చేసుకోవడం కష్టమేమీ కాదు. ఇన్నాళ్ళూ మీరు నోరు తెరిచి చెప్పలేదు, ఆయన చూడలేదు.

దానికి సరైన వేళ ఆదివారం ఉదయమే. వాళ్ళు తుమ్మలపెంట వెళ్ళాక, అబ్బాయి ఇంకా నిద్రలో ఉండగా, ఇల్లు మీది. కాకపోతే ఆ వేళ వంటింట్లోకి పోకూడదన్న షరతు పెట్టుకోవాలి. వచ్చేటప్పుడు దారిలో ఇడ్లీలో, కారం దోసెలో కట్టించుకు రావలసిన బాధ్యత వాళ్ళది. ఇసుక బట్టలు దొడ్లో కుళాయి దగ్గరే జాడించి ఆరేసి లోపలికి రావలసిందీ వాళ్ళే. పన్నెండేళ్ళ పిల్ల తన జెర్సీ తాను ఉతుక్కోగలదు, ఉతుక్కోవాలి కూడా. మీ సెల్‌ఫోన్ అత్తగారి గదిలో పెట్టి, దొడ్లో నులకమంచం వాల్చుకుని కూర్చోండి. మొదటి రెండు వారాలు నాలుగు పేజీలకే కళ్ళు మూసుకుపోతాయి, ఏళ్ళ తరబడి నిద్ర చాలని ఒళ్ళు అది. మూసుకుపోతే పడుకోండి, ఆ సమయం మీదే కదా. ఆ నవలను 43వ పేజీ నుంచి మాత్రం అందుకోకండి. ఏడు నెలల తరవాత ఎవరు ఎవరికి ఏమవుతారో గుర్తుండదు, గుర్తు లేదన్న విసుగుతో మళ్ళీ మూసేస్తారు. మొదటి పేజీ నుంచి మొదలుపెట్టండి. అది పట్టుకుని కూర్చోబెట్టకపోతే నిస్సంకోచంగా తిరిగి ఇచ్చేసి ఇంకొకటి తెచ్చుకోండి.

చదువు రుచి మళ్ళీ పట్టాక, మీ పాఠానికీ మీవారి ఆటకూ కలిసే చోటు కూడా మీకే దొరుకుతుంది. ఫిజీని చూడండి. 1903 నుంచి 1916 దాకా మద్రాసు రేవు నుంచి మన తెలుగువాళ్ళూ తమిళులూ ఒప్పందపు కూలీలుగా ఓడలెక్కి ఆ దీవుల చెరకు తోటలకు వెళ్ళారు. అదే ఫిజీ 2016 రియో ఒలింపిక్స్‌లో సెవెన్స్ రగ్బీలో స్వర్ణం గెలిచింది, ఏ ఆటలోనైనా ఆ దేశానికి అదే తొలి ఒలింపిక్ పతకం. ఆ కూలీల కథ మీ ఇంట్లో మీకన్నా బాగా చెప్పగలిగినవాళ్ళు లేరు. రాత్రి భోజనాల దగ్గర మీరు అది మొదలుపెడితే ఆ బంతి పిచ్చివాళ్ళిద్దరూ, ఆ పుస్తకాల పిల్లవాడూ ఒకేచోట కూర్చుని వింటారు.

సెలవుల్లో అబ్బాయిని తీసుకుని వేటపాలెం వెళ్ళి రండి. కావలి నుంచి చీరాల వైపు వెళ్ళే రైలు దారిలోనే ఉంది. మొన్నటిదాకా ప్రకాశం జిల్లాలో ఉండేది, ఇప్పుడు బాపట్ల జిల్లాలో చేరింది. అక్కడ 1918లో మొదలైన సారస్వత నికేతనం గ్రంథాలయం ఉంది. పాత పత్రికల సంచికలూ, గాంధీగారి చేతికర్రా అక్కడ భద్రంగా ఉన్నాయి. నాకు పదేళ్ళప్పుడు మా నాన్న నన్ను తీసుకువెళ్ళారు. ఆ కర్రకన్నా నాకు బాగా గుర్తున్నది పొద్దున పదిగంటల వేళ పైపంచె భుజాన వేసుకుని వచ్చి, ఎవరినీ పలకరించకుండా, తన కుర్చీలో తాను కూర్చుని చదువుకుంటున్న ఒక రైతు. ఈ ప్రయాణానికి మీవారినీ అమ్మాయినీ రమ్మని పిలవండి, రాకపోతే బలవంతపెట్టకండి. మీరిద్దరే వెళ్ళినా నిండుగానే ఉంటుంది.

ఏడు నెలల ఆలస్యానికి గ్రంథాలయంలో ఏమంటారోనన్న సంకోచం కూడా మిమ్మల్ని ఆపుతూ ఉండవచ్చు. ఆలస్య రుసుము ఎంతైతే అంత కట్టేయండి. అదే పుస్తకం ఇంకా చదవాలని ఉంటే మళ్ళీ మీ పేరున రాయించుకోండి. పనిలో పనిగా అబ్బాయి పేరు మీద కూడా సభ్యత్వం తీసుకోండి. శుక్రవారం శాఖా గ్రంథాలయాలకు సెలవు కాబట్టి, శనివారం సాయంత్రం బడి నుంచి వచ్చేదారిలో వెళ్ళండి. వెళ్ళేముందు తలపిన్ను తీసేయడం మరిచిపోకండి, ఏడు నెలలుగా ఉన్న పిన్నుకు తుప్పు పట్టి ఉంటుంది, కాగితం చిరగకుండా నెమ్మదిగా లాగండి.